ఆదివారం రాత్రి అరగంట మాకు తిరిగి ఇవ్వండి: తెలుగు వినోద చానళ్ల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు వినోద చానళ్ల యాజమాన్యాలకు, ప్రోగ్రామింగ్ హెడ్‌లకు,

నమస్కారం.

నేను హైదరాబాద్ యూసుఫ్‌గూడలో ఉంటాను. పదహారేళ్లుగా సీరియల్స్‌కు డైలాగులు రాస్తున్నాను. మా ఇంటి అద్దె, పిల్లల ఫీజులు మీ చానళ్ల వల్లే నడుస్తున్నాయి. ఆ సంగతి మరిచిపోయి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇదే విషయం మీద ఒక చానల్‌కు మూడు ఉత్తరాలు పంపాను, రెండుసార్లు ఆఫీసుకు వెళ్లాను. రిసెప్షన్ దాటనివ్వలేదు. "మెయిల్ పెట్టండి సార్, మేమే కాల్ చేస్తాం" అన్నారు. ఏడాదిన్నర అయింది. ఎవరూ కాల్ చేయలేదు. అందుకే ఇప్పుడు నలుగురి ముందూ అడుగుతున్నాను.

అడిగేది పెద్ద కోరికేం కాదు. వారానికోసారి, ఒకే రోజు, ఒకే టైముకు వచ్చే అరగంట కామెడీ సీరియల్‌కు తెలుగు టీవీలో చోటు దాదాపు లేకుండా పోయింది. ఆ చోటు మళ్లీ ఇవ్వండి.

ఈ మాట ఎత్తితే ‘అమృతం’ గురించి చెప్పకుండా ముందుకు పోలేం. 2001 నవంబర్ 18న జెమిని టీవీలో మొదలైంది. 2007 నవంబర్ 18న ముగిసింది. రెండూ ఆదివారాలే. సరిగ్గా ఆరేళ్లు, మూడు వందల పైచిలుకు ఎపిసోడ్లు. గుణ్ణం గంగరాజు గారి ఆలోచన అది. మొదట్లో కొన్ని ఎపిసోడ్లు చంద్రశేఖర్ యేలేటి గారు డైరెక్ట్ చేశారు. హోటల్ నడిపే అమృతరావు పాత్రను ముందు శివాజీ రాజా, తర్వాత నరేశ్, ఆ తర్వాత హర్షవర్ధన్ వేశారు. హీరో రెండుసార్లు మారినా జనం చూడటం మానలేదు. ఎందుకంటే పక్కన స్నేహితుడు ఆంజనేయులుగా గుండు హనుమంతరావు గారున్నారు, ఇంటి ఓనర్ అప్పాజీగా శివన్నారాయణ గారున్నారు, సర్వర్ సర్వంగా వాసు ఇంటూరి ఉన్నారు. ముఖం మారినా ఆ హోటల్ మారలేదు, ఆ స్నేహం మారలేదు.

అప్పట్లో నేను ఎస్సార్ నగర్‌లో ఒక హాస్టల్‌లో ఉండేవాణ్ని. అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేయడానికి వచ్చి, కోర్సు సగంలో వదిలేసిన రోజులవి. ఆదివారం రాత్రి మెస్‌లో గోడ మీద ఒక చిన్న టీవీ, కింద బెంచీల మీద ముప్ఫై మంది. వడ్డించే అక్క ఆ అరగంటా గరిటె సాంబారు బకెట్‌లోనే వదిలేసి, గోడకు ఆనుకుని నిలబడేది. ఎవరైనా సాంబారు అడిగితే "జర ఆగు బిడ్డా, అప్పాజీ వచ్చిండు" అనేది. శ్రీకాకుళం వాడూ, కరీంనగర్ వాడూ, అనంతపురం వాడూ ఒకే చోట నవ్వేవారు. ఉద్యోగం లేదన్న దిగులు ఆ అరగంట ఉండేది కాదు. నేను రైటర్‌ని కావాలనుకున్నది ఆ బెంచీ మీదే.

ఆ సీరియల్ ఎందుకు ఆపేశారని ఇప్పటికీ జనం అడుగుతుంటారు. నేను ఆ ప్రశ్నతో మీ దగ్గరికి రాలేదు. ఏ కామెడీ అయినా ఎప్పుడో ఒకప్పుడు ఆగాలి. వారం వారం కొత్త చిక్కు పుట్టించాలి, అదే మనుషులతో, అదే నాలుగు గోడల మధ్య. ఒక దశ దాటాక రైటర్ తను రాసిందే మళ్లీ రాస్తున్నాడని తనకే తెలుస్తుంది. అమెరికాలో ‘సైన్‌ఫెల్డ్’ అనే కామెడీ సీరియల్ తొమ్మిది సీజన్ల తర్వాత 1998లో ఆగింది. ఒక్కో ఎపిసోడ్‌కు 50 లక్షల డాలర్ల మాట వినిపిస్తున్నా, బాగున్నప్పుడే ఆపేస్తానని దాని హీరో జెర్రీ సైన్‌ఫెల్డ్ పక్కకు తప్పుకున్నాడు. కొరియా యుద్ధం జరిగింది మూడేళ్లు, దాని మీద తీసిన ‘మ్యాష్’ నడిచింది పదకొండేళ్లు. 1983 ఫిబ్రవరి 28న దాని చివరి ఎపిసోడ్‌ను పది కోట్ల మందికి పైగా చూశారు. ఇంగ్లండ్‌లో ‘ఫాల్టీ టవర్స్’ ఉంది, అదీ హోటల్ కథే. 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం పన్నెండు ఎపిసోడ్లు. రాసిన జాన్ క్లీజ్, కోనీ బూత్ ఇద్దరూ అంతకంటే సాగదీయలేదు. యాభై ఏళ్లు దాటినా జనం ఇంకా చూస్తున్నారు.

ఇలా ఆగడంలో ఒక మర్యాద ఉంది. తీసినవాళ్లకు తెలిసి ఆగింది, చూసేవాళ్లకు చెప్పి ఆగింది. పైగా ఒక కామెడీ ముగిస్తే ఆ టైములో ఇంకో కామెడీ వచ్చింది.

మన దగ్గర 2007 తర్వాత ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. ప్రయత్నాలు జరగలేదని అనను. కానీ ఏదీ నిలదొక్కుకునేంత కాలం ఉండలేదు. ఆ అరగంట మెల్లగా డైలీ సీరియల్స్‌లోకి, సినిమాల్లోకి, ఈవెంట్లలోకి కలిసిపోయింది. చివరికి అమృతం కూడా 2020 ఉగాదికి తిరిగొస్తే వచ్చింది జీ5 యాప్‌లో. అప్పటికే, 2018 ఫిబ్రవరిలో, గుండు హనుమంతరావు గారు మనల్ని వదిలి వెళ్లిపోయారు. ఆంజనేయులు పాత్రను ఎల్.బి. శ్రీరామ్ గారు వేశారు.

దీనికి లెక్క ఏమిటో నాకు తెలుసు, ఆ లెక్కలోనే నేనూ బతుకుతున్నాను కాబట్టి. డైలీ సీరియల్ అంటే నెలకు పాతిక ఎపిసోడ్లు. ఒకే ఇల్లు అద్దెకు తీసుకుంటే హాలు, వంటగది, మెట్లు అన్నీ అందులోనే తేలిపోతాయి. కాల్షీట్లు వరుసగా దొరుకుతాయి. కథలో ఒక చెంపదెబ్బ పడితే, ఆ దెబ్బ మీద ఎనిమిది మంది ముఖాలు చూపించుకుంటూ రెండు రోజులు లాగొచ్చు. నేను లాగాను కూడా. వీక్లీ కామెడీకి ఆ వెసులుబాటు ఉండదు. గంటకు 12 నిమిషాలకు మించి యాడ్స్ వేయకూడదన్నది రూలు. ఆ లెక్కన అరగంటలో కథకు మిగిలేది సుమారు 24 నిమిషాలు. అందులోనే చిక్కు మొదలవ్వాలి, ముదరాలి, అందరూ ఇరుక్కోవాలి, విడిపోవాలి. నెలకు నాలుగే ఎపిసోడ్లు, కానీ నాలుగు పూర్తి కథలు. సెట్ ఖర్చు నాలుగింటి మీదే పడుతుంది. గురువారం రేటింగ్ రిపోర్ట్ వచ్చినప్పుడు దీని పక్కన డైలీ నంబర్ పెడతారు. రెండు మూడు వారాల్లో తీర్పు అయిపోతుంది.

ఆ తీర్పు తొందరపాటని చెప్పడానికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. హిందీ చానల్ స్టార్ వన్‌లో 2004లో మొదలైన ‘సారాభాయ్ వర్సెస్ సారాభాయ్’కి అప్పట్లో రేటింగ్‌లు పెద్దగా రాలేదు. 2006లో ఆగిపోయింది. తర్వాత రీరన్‌లలో చూసి జనం దాన్ని గుండెకు హత్తుకున్నారు. ఎంతగా అంటే, 2017లో దాన్ని మళ్లీ తీయాల్సి వచ్చింది. కామెడీలో మనుషులు పరిచయం కావడానికి టైం పడుతుంది. అప్పాజీ తలుపు తీసుకుని లోపలికి వస్తేనే ఎందుకు నవ్వొస్తుంది? అంతకుముందు యాభై వారాలు అతన్ని చూశాం కాబట్టి. ఆ యాభై వారాలు ఇవ్వకుండా నవ్వు రాలేదంటే ఎలా?

ఇక నా అనుభవం. పేర్లు చెప్పను. ఎవరినీ బజారుకు ఈడ్చాలని నాకు లేదు.

ఖైరతాబాద్‌లో ఆర్టీవో ఆఫీసు దగ్గర ఒక జిరాక్స్ షాపు, దాని చుట్టూ తిరిగే మనుషులు, ఇదీ మా సీరియల్. పదమూడు వారాలకు ఒప్పుకున్నారు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు మొదలైంది. నాలుగో వారం ఏదో సినిమా ఫంక్షన్ ఉందని శనివారం రాత్రి పదింటికి మార్చారు. ఏడో వారం ఆదివారం మధ్యాహ్నానికి మార్చారు. తొమ్మిదో ఎపిసోడ్ తర్వాత ఇక రాలేదు. ఆగిపోయిందని మాకు ఎవరూ చెప్పలేదు. ఆ టైములో వేరే ప్రోగ్రాం ప్రోమో చూసి తెలుసుకున్నాం. అప్పటికి పది, పదకొండు ఎపిసోడ్లు షూటింగ్ అయిపోయి, ఎడిటింగ్ కూడా పూర్తయి ఉన్నాయి. అవి ఇప్పటికీ ఎవరూ చూడలేదు.

దీని వల్ల ఎవరికేమైందో వరుసగా చెబుతాను.

1. షాపు ఓనర్ పాత్ర వేసిన పెద్దాయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ముప్ఫై ఏళ్లు నాటకాలు ఆడారు. టీవీలో అది ఆయనకు మొదటి పెద్ద వేషం. పాత్రకు ఒక పక్క కాస్త కిందికి వాలిన మీసం ఉంటుంది. ఒక సీన్‌కూ ఇంకో సీన్‌కూ రూపం మారకూడదని, కంటిన్యూటీ దెబ్బతింటుందని దాన్ని తాకనివ్వలేదు. సీరియల్ ఆగిన ఆరు వారాల తర్వాత ఒకరోజు కృష్ణానగర్‌లో టీ కొట్టు దగ్గర కలిశారు. మీసం అలాగే ఉంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, దారం కట్టిన కళ్లజోడు. అవి సీరియల్‌లో వేసుకున్నవే. "ఇటు పక్క పనుండి వచ్చాను, ఒకవేళ షెడ్యూల్ ఉందేమోనని తెచ్చుకున్నా బాబూ. ఎప్పుడంటారు?" అని అడిగారు. ఆయనకు ఎవరూ ఫోన్ చేయలేదు. ఆ మాట చెప్పాల్సింది నేనయ్యాను. ఆయన ఏమీ అనలేదు. కవరు మడిచి చంకలో పెట్టుకుని, నా టీ డబ్బులు కూడా తనే ఇచ్చి వెళ్లిపోయారు. నాటకం నుంచి టీవీకి రావడానికి ఇలాంటి వాళ్లకు ఉన్న ఒకే ఒక్క తలుపు కామెడీ సీరియల్. డైలీలో తండ్రి పాత్రకు గుండెపోటు రావడం తప్ప పెద్దగా పనుండదు.

2. చివరి రెండు ఎపిసోడ్లకు లైట్‌బాయ్స్‌కు, మేకప్ వాళ్లకు, ప్రొడక్షన్ బాయ్స్‌కు పూర్తి డబ్బులు అందలేదు. టెలికాస్ట్ అయితేనే బిల్లు పాసవుతుందని నిర్మాతకు చెప్పారట. ఆయనా అప్పుల్లోనే ఉన్నాడు. రోజు పనికి వచ్చిన మనిషికి టెలికాస్ట్‌తో సంబంధమేముంటుంది? వాళ్లు లైటు మోసింది మోసినట్టే కదా.

3. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో పాతికేళ్ల పిల్లలు కథలు పట్టుకుని తిరుగుతున్నారు. వాళ్లకు పని నేర్చుకునే బడి లేదు. డైలీలో కొత్తగా చేరినవాడికి దొరికేది పొద్దున సెట్‌లో కూర్చుని మధ్యాహ్నం తీసే సీన్ పేపర్ రాయడం. దాంతో చెయ్యి వేగం అవుతుంది, నిజమే. కానీ ఒక కథకు మొదలూ చివరా ఎలా ఉండాలో తెలియదు. నాకే తెలియలేదు. ఆ పదకొండు ఎపిసోడ్లు రాసినప్పుడే మొదటిసారి నేర్చుకున్నాను.

4. మా అమ్మకు డెబ్బై రెండేళ్లు. రాత్రి ఏడు నుంచి పది దాకా టీవీలో ఏం వస్తుందో నేనే రాస్తాను కాబట్టి నాకు తెలుసు: విషం, కుట్ర, ఏడుపు. ఆమెకు బీపీ. చూసినంతసేపూ టెన్షన్ పడుతుంది, మానేయమంటే "మరేం చూడాలి?" అంటుంది. మనవడు ఫోన్‌లో పాత అమృతం పెట్టిస్తే చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. బొమ్మ చిన్నది, మాట సరిగా వినపడదు. సగంలో ఫోన్ వస్తే ఆగిపోతుంది. దాన్ని మళ్లీ ఎలా పెట్టాలో తెలియక, ఎవరైనా వచ్చేదాకా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. యాప్‌లో ఉంది కదా అనే పెద్దలు ఈ దృశ్యం ఒకసారి చూడాలి. టీవీ ఉన్న గదిలో అమ్మ, పిల్లలు, మేం కలిసి కూర్చుని ఎన్నాళ్లయిందో లెక్క పెట్టుకుంటే బాధేస్తుంది.

"కామెడీ షోలు వేస్తున్నాం కదా" అని మీరు అనొచ్చు. నిజమే. స్కిట్ల ప్రోగ్రాముల వల్ల ఎంతోమంది పేద కుర్రాళ్లకు పేరొచ్చింది, వాళ్ల ఇళ్లల్లో అన్నం ఉడికింది. వాటిని తక్కువ చేయను. కానీ స్కిట్ పది నిమిషాల్లో అయిపోతుంది. ఆ పది నిమిషాల్లో నవ్వించాలి కాబట్టి లావుగా ఉన్నవాణ్ని లావు మీద, నల్లగా ఉన్నవాణ్ని నలుపు మీద, భార్యను భార్యైనందుకు అనేయడం తేలిక దారి అయిపోయింది. సీరియల్‌లో ఆ మనిషితో వచ్చే వారం కూడా ఉండాలి. అందుకే అతని మీద కాస్త ప్రేమ పెట్టుకుని రాస్తాం. రామంతాపూర్‌లోని దూరదర్శన్ హైదరాబాద్ కేంద్రం రోజుల్లో ధర్మవరపు సుబ్రహ్మణ్యం గారి ‘ఆనందో బ్రహ్మ’ చూసినవాళ్లకు ఈ తేడా చెప్పనక్కర్లేదు. ఒక్క చానల్, ఒక్క స్టూడియో ఉన్న కాలంలో రామంతాపూర్ నుంచి వచ్చిన నవ్వు, ఇన్ని చానళ్లున్న ఈ కాలంలో రాకపోవడం డబ్బు లేక కాదని నా నమ్మకం.

మా కోరికలు ఇవి.

1. ప్రతి చానల్ వారానికి ఒక్క అరగంట కామెడీ సీరియల్‌కు కేటాయించాలి. కనీసం 26 వారాలు ఆ రోజు, ఆ టైము మార్చకూడదు. ఫంక్షన్ వచ్చినా, కొత్త సినిమా వచ్చినా ఆ అరగంట కదలకూడదు. రేటింగ్ చూడొద్దని అనడం లేదు, 26 వారాల తర్వాత చూడండి.

2. ఆపాలనుకుంటే ఆపండి, అది మీ హక్కు. నాలుగు వారాల ముందు రాతపూర్వకంగా చెప్పండి. చివరి ఎపిసోడ్ తీసుకునే అవకాశం ఇవ్వండి. చూసేవాళ్లకు "ఈ వారంతో సమాప్తం" అని స్క్రీన్ మీద వేయండి. నటులందరికీ ప్రొడక్షన్ నుంచి ఫోన్ వెళ్లాలి, చిన్న వేషం వేసినవాళ్లతో సహా.

3. షూటింగ్ అయిన ఎపిసోడ్ టెలికాస్ట్ అయినా కాకపోయినా, రోజు పనివాళ్లకు 30 రోజుల్లో పూర్తిగా చెల్లించాలి. అగ్రిమెంట్లలో ఈ క్లాజ్ చేర్చండి.

4. రీరన్‌లు, యూట్యూబ్, యాప్‌ల మీద వచ్చే ఆదాయంలో రాసినవాళ్లకు, నటించినవాళ్లకు వాటా ఇవ్వాలి. 2012లో సవరించిన కాపీరైట్ చట్టంలో రచయితలకూ కళాకారులకూ రాయల్టీ హక్కు రాసి ఉంది. మా తొమ్మిది ఎపిసోడ్లు యూట్యూబ్‌లో యాడ్స్‌తో నడుస్తున్నాయి. నాకు గానీ, ఆ పెద్దాయనకు గానీ ఒక్క రూపాయి రాలేదు.

5. మీ గోదాముల్లో ఉన్న పాత కామెడీ సీరియల్ టేపులను డిజిటల్‌లోకి మార్చి భద్రం చేయండి. బీబీసీ అంతటి సంస్థే ఒకప్పుడు టేపులు చెరిపి మళ్లీ వాడుకుంది. వాళ్ల ‘డాడ్స్ ఆర్మీ’ కామెడీలో మూడు ఎపిసోడ్లు ఇప్పటికీ దొరకలేదు. టేపు ఒకసారి పాడైతే మళ్లీ తీయడానికి ఆ నటులు ఉండరు.

ఈ అయిదింటి మీద మాట్లాడటానికి చానళ్ల తరఫున ఎవరో ఒకరు మాకు ఒక గంట టైం ఇవ్వండి. రైటర్లం, నటులం, టెక్నీషియన్లం పది మందిమి వస్తాం. మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాం. బడ్జెట్ లెక్కలు కూడా కాగితం మీద వేసుకుని తెస్తాం. ఒకే లొకేషన్, ఆరుగురు నటులు, నెలకు ఆరు రోజుల షూటింగ్‌తో నాలుగు ఎపిసోడ్లు ఎలా తీయొచ్చో మేం తీసి చూశాం.

ఆఖరుగా ఒక్క మనవి, ఇది ఆ ఒక్క చానల్‌కే. మీ దగ్గరున్న మా పది, పదకొండు ఎపిసోడ్లు ఏదో ఒక ఆదివారం, ఏ టైములోనైనా సరే, టెలికాస్ట్ చేయండి. పదకొండో దాంట్లో షాపు ఓనర్ తన రిటైర్మెంట్ కాగితాలు తనే జిరాక్స్ తీసుకునే సీన్ ఉంది. పెద్దాయన దాన్ని ఒక్క టేక్‌లో చేశారు, సెట్‌లో అందరూ చప్పట్లు కొట్టారు. టెలికాస్ట్ తేదీ రెండు రోజుల ముందు చెబితే చాలు. ఆయనకు నేను ఫోన్ చేసి చెప్పుకుంటాను.

ఇట్లు,
ఒక సీరియల్ డైలాగ్ రైటర్
యూసుఫ్‌గూడ, హైదరాబాద్